మీరడిగారు: గెలుపోటముల్లేని ఫోన్ ఆటలు

ప్రశ్న: మా పాపకు ఆరేళ్ళు. ఫోన్లో టోకా బోకా వరల్డ్ ఆడుతుందండి. అందులో పాయింట్లు లేవు, లెవెల్స్ లేవు. బొమ్మలకు బట్టలు మార్చడం, సోఫా ఇటుది అటు జరపడం, అంతే. దీని బదులు లెక్కలు నేర్పే యాప్ వేద్దామంటున్నారు మావారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, రాజోలు

జవాబు: ఆ ఆటను ఉండనివ్వండి. లెక్కలు వేరే పూట నేర్పుకోవచ్చు. గుజ్జనగూళ్ళు, లక్కపిడతలాట, బొమ్మల పెళ్ళి ఆడిన పిల్లల్ని ఎవరు గెలిచారని మన పెద్దలు ఎప్పుడూ అడగలేదు. ఇదీ ఆ జాతి ఆటే. స్టాక్‌హోమ్‌లోని టోకా బోకా సంస్థ 2011 నుంచి ఇలాంటివి విడుదల చేస్తోంది. మీ పాప ఆడేది 2018లో వచ్చింది. అందులో బొమ్మలు ఏ భాషా మాట్లాడవు కాబట్టి కథంతా పిల్ల నోటినుంచే రావాలి. సోఫా జరుగుతోందంటే ఆ ఇంటికి చుట్టాలొస్తున్నారేమో, ఎవరికో జ్వరమొచ్చి పడుకోబెట్టాలేమో!

పక్కన కూర్చోండి. “ఇదేం రంగు? అవెన్ని?” అని పరీక్ష పెట్టారా, ఆట అక్కడే ఆగిపోతుంది. “ఈవిడ ఎక్కడికి బయల్దేరిందమ్మా?” అంటే సాగుతుంది. రేవు దాటించే మన పంటు కోసం ఆ ఆటలో వెతకక్కర్లేదు. మంచాన్నే పంటు చేసి నలుగురిని ఎక్కిస్తే గోదావరి దాటేస్తారు. మొక్కలన్నీ ఒక గదిలో చేరిస్తే కడియం నర్సరీ అయిపోతుంది. ఆండ్రాయిడ్ 11 మొదలు ఫోన్లోనే స్క్రీన్ రికార్డర్ ఉంటుంది. మైక్ కూడా ఆన్ చేసి రికార్డు చేస్తే పాప చెప్పే కథ అమ్మమ్మకు పంపొచ్చు.

ఒక్క చిక్కుంది. లెవెల్ లేని ఆటకు ముగింపూ ఉండదు. ఫోన్ లాక్కుంటే కథ మధ్యలో తెగుతుంది, అందుకే అంత ఏడుపు. అయిదు నిమిషాల ముందే “అందరికీ అన్నాలు పెట్టి పడుకోబెట్టు” అనండి. బొమ్మలు మంచాలెక్కాక ఫోన్ మన చేతికివ్వడం పిల్లలకు తేలిక. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పిన హద్దులివి: రెండేళ్ళలోపు తెర వద్దు, 2 నుంచి 5 ఏళ్ళకు రోజుకు గంటకు మించకూడదు, 5 నుంచి 10 ఏళ్ళకు రెండు గంటల లోపు. టీవీ కూడా ఇందులోకే వస్తుంది. ఆ తర్వాత కొబ్బరిచిప్పలు, ఈనెపుల్లలు ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టండి. అదే కథ అక్కడ మళ్ళీ మొదలవుతుంది.

ప్రశ్న: చోటు చాలడం లేదని ఫోన్ చెబితే ఇలాంటి ఆట ఒకటి తీసేసి మళ్ళీ వేశాం. కొన్న ఇల్లు వచ్చింది గానీ మనవరాలు సర్దుకున్నదంతా పోయింది. రెండు రోజులుగా బెంగపెట్టుకుంది.
– ఒక తాతగారు, భీమవరం

జవాబు: కొన్నవి ప్లేస్టోర్ ఖాతాకు అంటుకుని ఉంటాయి, అందుకే అదే ఈమెయిల్‌తో తిరిగొచ్చాయి. రాకపోతే ఆటలో ‘రిస్టోర్ పర్చేజెస్’ నొక్కాలి. పిల్ల సర్దుకున్నది మాత్రం చాలా ఆటల్లో ఆ ఫోన్లోనే ఉంటుంది. ముందే బ్యాకప్ పెట్టుకోకపోతే యాప్‌తోపాటే పోతుంది. పాపం, ఆ పిల్లకు అది కట్టుకున్న ఇల్లు కూలిపోవడమే. చిన్న విషయమని తీసిపారేయకుండా పక్కన కూర్చుని ఒక గదైనా మళ్ళీ సర్దించండి.

ఇకమీదట చోటు కావాలంటే ముందు వాట్సాప్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్‌లోకి వెళ్ళి పాత వీడియోలు తీసేయండి. ఆట జోలికి వెళ్ళక తప్పకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ కింద ‘క్లియర్ క్యాష్’ (తాత్కాలిక ఫైళ్ళను తీసేసేది) నొక్కినా ఫరవాలేదు. దాని పక్కనుండే ‘క్లియర్ స్టోరేజ్’ (కొన్ని ఫోన్లలో ‘క్లియర్ డేటా’) నొక్కితే సర్దినవన్నీ ఖాళీ. ఆండ్రాయిడ్ 15లో ‘ఆర్కైవ్’, ఐఫోన్లో ‘ఆఫ్‌లోడ్ యాప్’ ఉన్నాయి. అవి యాప్‌ను తీసేసినా లోపలి సమాచారాన్ని ఉంచుతాయి. అప్పుడప్పుడు గదుల స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పోయినా చూసి సర్దుకోవచ్చు.

ప్రశ్న: బాబు ఆడుకుంటూ ఏదో కొనేశాడు. యూపీఐ నుంచి డబ్బు కట్ అయింది. వెనక్కి వస్తుందా?
– ఒక చదువరి, పాలకొల్లు

జవాబు: కొన్న 48 గంటల్లోపు అదే ఖాతాతో గూగుల్ ప్లే రిఫండ్ పేజీలో అడగండి, ఆలస్యం చేయొద్దు. తర్వాత ప్లేస్టోర్లో పైన మీ ఫొటో నొక్కి, సెట్టింగ్స్‌లో ‘పర్చేజ్ వెరిఫికేషన్’ (కొన్నింట్లో ‘అథెంటికేషన్’ కింద) ప్రతి కొనుగోలుకూ అడిగేలా పెట్టండి. 30 నిమిషాలకొకసారి అని పెడితే మీరు ఒకటి కొన్నాక అరగంట తలుపు తెరిచే ఉన్నట్టు. బాబు వేలిముద్ర ఫోన్లో ఎక్కించి ఉంటే అదీ తీసేయండి, లేకపోతే ఈ తాళం వాడే తీసేస్తాడు. ఇంకా గట్టి ఉపాయం కావాలంటే ఖాతాలోంచి యూపీఐ, కార్డు తొలగించి గూగుల్ ప్లే గిఫ్ట్ కార్డుతో కొంచెం డబ్బు మాత్రం వేసుకోండి. పోతే అంతే పోతుంది.

కొన్నది ఒక్కసారి కట్టే ప్యాకా, నెలనెలా కట్టే సబ్‌స్క్రిప్షనా చూడండి. రెండోదైతే యాప్ తీసేసినా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లో రద్దు చేయాలి.

ప్రశ్న: అన్ని ఇళ్ళూ ఉచితంగా తెరుచుకునే ఏపీకే ఫైలు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. వేయొచ్చా?
– ఒక చదువరి, అమలాపురం

జవాబు: వద్దు. ఏపీకే అంటే ప్లేస్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైలు. ఇది ఎవరో విప్పి మార్చింది, లోపల ఇంకేం చేర్చారో తెలియదు. మీ బ్యాంకు యాప్, ఓటీపీ మెసేజీలు ఉన్న ఫోన్లోనే అదీ ఉంటుంది. అసలు ఆట మీద వేయాలంటే ముందున్నది తీసేయమంటుంది కూడా, అంటే పిల్లలు సర్దుకున్నవీ పోతాయి. ఉచితంగా వచ్చే గదులే కథలకు బోలెడు.