నాష్‌విల్‌కు బయలుదేరే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉద్యోగం మానుకుని నాష్‌విల్ వచ్చి, హాంకీ టాంక్, అంటే బార్లలో పుట్టి పెరిగిన కంట్రీ సంగీతం పాడే గాయనిగా స్థిరపడాలని ఉందంటూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. నీ గొంతు మీద నాకు సందేహం లేదు. గ్రీన్‌కార్డు వచ్చింది గనుక ఆ చిక్కూ లేదు. హెచ్1బి మీదే ఉండి ఉంటే బార్‌లో పాడి పుచ్చుకునే టిప్పు కూడా ఇబ్బంది తెచ్చేది. అయినా ఇక్కడి నాష్‌విల్ లోయర్ బ్రాడ్‌వే వీధి బార్లలో చాలాకాలం బేస్ గిటార్ వాయించినవాడిగా నేను చెప్పేది ఒకటే: ఇప్పుడే రావద్దు, ముందు టెక్సస్‌లో పాడు.

ఇందుకు కారణం ఈ సంగీతం పుట్టుకలోనే ఉంది. 1933లో మద్యనిషేధం తొలగిన తరువాత టెక్సస్ చమురు బావుల చుట్టుపక్కల వెలసిన పానశాలల్లో, తాగేవాళ్ల గోలనూ ఆడేవాళ్ల బూట్ల చప్పుడునూ దాటి వినబడడానికే ఇందులోకి ఎలక్ట్రిక్ గిటార్, గట్టి తాళం వచ్చి చేరాయి. కుదురుగా కూర్చుని వినే సభ కోసం తయారైన పాట కాదిది. కంట్రీ గాయకుడు రే ప్రైస్ పాడిన 'క్రేజీ ఆర్మ్స్' 1956లో కంట్రీ పాటల పట్టికలో 20 వారాలు మొదటి స్థానంలో నిలవడానికి ఆయన గొంతు ఎంత కారణమో, దాని కింద ఊగుతూ నడిచిన షఫుల్ అనే లయ కూడా అంతే కారణమని నా నమ్మకం. ఆ లయ ఒంటబట్టాలంటే టూ స్టెప్ అనే జంట నృత్యం ఆడేవాళ్ల ముందు పాడాలి. నువ్వు కాస్త పరుగెత్తినా, కాస్త లాగినా వాళ్లు ఆట మానేసి బల్లల దగ్గరికి వెళ్లిపోతారు, అంతకు మించిన గురువు ఉండడు. టెక్సస్ నృత్యశాలలైన 1878 నాటి గ్రీన్ హాల్‌కూ (Gruene Hall), ఆస్టిన్‌లో 1964లో తెరిచిన బ్రోకెన్ స్పోక్‌కూ వెళ్లి, వేదికను కాక జంటలు ఆడే నేలను గమనించు. నేడు బ్రాడ్‌వేకి వచ్చేది ఎక్కువగా పర్యాటకులు. వాళ్లు సరదా పడతారు తప్ప నీ తప్పు పట్టుకోరు.

నీకు చిన్నప్పుడు నేర్పించిన గమకాల అలవాటు ఇక్కడ సగం ఉపకారం, సగం అపకారం. హాంకీ టాంక్ గాయకుడు లెఫ్టీ ఫ్రిజెల్ మాటలోని అచ్చును సాగదీసి, వంచి, మరో స్వరం మీదికి జార్చే తీరు నీకు తొందరగా పట్టుబడుతుంది. కానీ ఆయన మాటను ఎన్నడూ మింగడు, కథ ఆగదు. నువ్వు పంపిన రికార్డింగ్‌లో గమకాలు, సంగతులు ఎక్కువై సాహిత్యం వినబడలేదు. వాటిని తగ్గించు.

బ్రాడ్‌వేలో చాలాచోట్ల ప్రవేశ రుసుము ఉండదు. మామూలుగా నాలుగు గంటల షిఫ్టు, యజమాని ఇచ్చేది కొద్దిపాటి మొత్తం, మిగిలినదంతా జనంలో తిప్పే టిప్పు బక్కెట్‌లో పడాలి. బక్కెట్ పట్టుకుని బల్లబల్లకూ తిరగడం మీ నాన్నకు నచ్చదని నాకు తెలుసు. ఇది బిచ్చం కాదు, కూలి అని నేను ఆయనతో మాట్లాడతాను. ఆ నాలుగు గంటలకు సుమారు 50 పాటలు కావాలి. పక్కన వాయించేవాళ్లను నువ్వు ఆ రోజే చూడవచ్చు, రిహార్సల్ ఉండదు. అందుకే కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) పేర్లకు బదులు 1, 4, 5 అంటూ అంకెలతో చెప్పుకునే నాష్‌విల్ నంబర్ సిస్టమ్ నేర్చుకో. మగవాళ్లు పాడిన ప్రతి పాటకూ నీ శ్రుతి ఏదో ముందే నిర్ణయించుకో; వేదిక మీద వెతుక్కునే గాయనిని ఏ బ్యాండూ రెండోసారి పిలవదు.

తాగుడు గురించి పెద్దవాడిగా ఒక్క మాట చెప్పక తప్పదు. పేరుమోసిన కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్‌ను 1952 ఆగస్టులో నాష్‌విల్ రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఓప్రీ తొలగించింది. 1953 జనవరి 1న కచేరీకి వెళ్తూ కారులోనే పోయాడు, అప్పటికి 29 ఏళ్లు. అభిమానులు వేదిక మీదికి గ్లాసులు పంపుతారు, కాదంటే నొచ్చుకుంటారు. నీ గ్లాసులో నీళ్లే పోయమని బార్‌టెండర్‌తో ముందుగానే మాట్లాడుకో.

అన్నిటికన్నా ముఖ్యం సొంత పాటలు. అమెరికాలో మామూలు రేడియోలో పాట వచ్చినప్పుడు డబ్బు అందేది రాసినవారికీ పబ్లిషర్‌కూ తప్ప పాడినవారికి కాదు. కంట్రీ గాయని లొరెట్టా లిన్ 1960లో తాను రాసిన పాటనే రికార్డు చేసి, భర్తతో కలిసి కారులో రేడియో స్టేషన్ల చుట్టూ తిరిగి ఇచ్చింది. నువ్వు కూడా నీ పాటలను, రాసినవారి తరఫున ఆ డబ్బు వసూలు చేసే సంస్థలైన బీఎంఐలోనో ఆస్కాప్‌లోనో నమోదు చేయించు, లాయరుకు చూపించకుండా ఏ పబ్లిషింగ్ ఒప్పందం మీదా సంతకం పెట్టవద్దు.

ఉద్యోగం వదలకుండా వారాంతాల్లో పాడుతూ, ఆ 50 పాటల జాబితా శ్రుతులతో సహా తయారైనప్పుడు నాకు పంపు. ఉదయం పది గంటల షిఫ్టు కొత్తవాళ్లకు కొంత సులువుగా దొరుకుతుంది గనుక, నాకు తెలిసిన బ్యాండ్‌వాళ్లతో దాని గురించి మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న