పాతకాలపు కార్ల డీలర్లు మేడ మీద టెస్ట్ ట్రాక్ ఎందుకు కట్టారు?

కొనేవాళ్లకు కారును అక్కడికక్కడే నడిపి చూపించడానికి, దాంతోపాటు ఊరంతా ఆ షోరూమ్ గురించే మాట్లాడుకునేలా చేయడానికి.

1920ల్లో కారు కొనడానికి వచ్చేవాళ్లలో చాలామందికి అదే మొదటి కారు. ఇంజిన్ లాగుతుందా, బ్రేకు పడుతుందా, మలుపులో బండి ఒరిగిపోతుందా అన్నవే వాళ్ల అనుమానాలు. మాటలతో అవి తీరవు. వీధిలో చూపిద్దామంటే ట్రాములు, గుర్రపుబండ్లు, జనం. పెరుగుతున్న నగరంలో నేల మీద ట్రాక్ వేయాలంటే స్థలం ఖరీదు. షోరూమ్ కోసం ఎలాగూ పెద్ద భవనం కడుతున్నారు, దాని కప్పు ఖాళీగానే ఉంటుంది కదా!

దీనికి మంచి ఉదాహరణ అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లోని పలాసియో క్రైస్లర్. 1920ల చివర్లో క్రైస్లర్ కార్ల అమ్మకం కోసం దీన్ని కట్టారు. ఆర్కిటెక్ట్ మారియో పలాంటి. అదే నగరంలోని ‘పలాసియో బరోలో’ అనే భవనాన్ని గీసిందీ ఆయనే. కింద అద్దాల వెనక మెరిసే కొత్త కార్లు, పైన కోడిగుడ్డు ఆకారంలో ట్రాక్. రాజభవనంలాంటి ఆ కట్టడమే పెద్ద ప్రకటన. ఇప్పుడు అందులో అపార్ట్‌మెంట్లు ఉన్నాయి.

చాలామంది దీన్ని ఇటలీలోని టురిన్‌లో 1923లో మొదలైన ఫియట్ లింగొట్టోతో కలిపేస్తుంటారు. అది ఫ్యాక్టరీ. అక్కడ కారు అంతస్తు అంతస్తుకూ తయారవుతూ పైకెక్కి, చివరికి కప్పు మీది ట్రాక్‌లో పరీక్షకు నిలిచేది. అక్కడ చూసేది తయారీలో లోపాలు. డీలరు ట్రాక్ మీద ఒప్పించాల్సింది మాత్రం కొనుగోలుదారుణ్ణి.