ఫోన్ అన్‌లాక్ చేసి ఇమ్మంటే ఏం చేయాలి?

ప్రశ్న: నమస్తే అండీ. ఆఫీసు పని మీద మొదటిసారి విదేశం వెళ్తున్నాను. ఆఫీసు ల్యాప్‌టాప్, సొంత ఫోన్, కెమెరా, రెండు హార్డ్ డిస్కులు, ఒక పవర్‌బ్యాంక్ నా వెంట ఉంటాయి. కస్టమ్స్‌వాళ్లు ఫోన్ తీసుకుని లోపలున్నదంతా చూస్తారని, పాస్‌వర్డ్ చెప్పకపోతే వెనక్కి పంపేస్తారని మా ఆఫీసులో ఒకాయన చెప్పినప్పటి నుంచీ టెన్షన్‌గా ఉంది. బయల్దేరే ముందు అన్నీ డిలీట్ చేసేయనా? తిరిగొచ్చేటప్పుడు నా పాత కెమెరాకే డ్యూటీ కట్టమంటారా?

జవాబు: ముందు డిలీట్ సంగతి, ఎందుకంటే చాలామంది పొరపాటు చేసేది అక్కడే. క్యూలో నిలబడి హడావిడిగా ఫొటోలూ చాట్‌లూ చెరిపేయకండి. ఐఫోన్‌లో చెరిపిన ఫొటో దాదాపు 30 రోజులు అందులోనే వేరే ఫోల్డర్‌లో ఉంటుంది, డిస్కులోంచి చెరిపిన ఫైళ్లను కూడా చాలాసార్లు తిరిగి రాబట్టొచ్చు, పైగా రోజూ వాడే ఫోన్ పూర్తిగా ఖాళీగా కనిపిస్తే లేని అనుమానాన్ని మీరే పుట్టించినట్టవుతుంది. దానికంటే అవసరం లేనివి ఇంట్లో వదిలి వెళ్లడం మేలు. రెండు హార్డ్ డిస్కులూ ఈ పనికి నిజంగా కావాలా? కుటుంబం ఫొటోలు, బ్యాంకు కాగితాలు, పాత ఉద్యోగం ఫైళ్లు ఉన్న డిస్క్ అయితే దాన్ని బీరువాలో పెట్టి వెళ్లండి.

ఇక పాస్‌వర్డ్. దీనికి ప్రపంచమంతా ఒకే రూల్ లేదు, మీరు ఏ దేశమో రాయలేదు కాబట్టి మూడు దేశాల సంగతి చెప్తాను. అమెరికాలో అరెస్టయినవాళ్ల ఫోన్ వెతకాలంటే పోలీసులకు మామూలుగా వారంటు ఉండాలని సుప్రీంకోర్టు 2014లో తీర్పిచ్చింది, కానీ సరిహద్దు దగ్గర తనిఖీల లెక్క వేరు. అక్కడి కస్టమ్స్ విభాగం 2018లో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఏ అనుమానం లేకున్నా అధికారి మీ ఫోన్‌ను చేత్తో తిరగేసి చూడొచ్చు. వేరే పరికరం తగిలించి డేటా కాపీ చేసుకోవాలంటే మాత్రం తగిన అనుమానమో, దేశ భద్రత కారణమో ఉండాలి. ఫోన్‌లో ఉన్నదే చూడాలి, నెట్ ద్వారా మీ ఖాతాల్లోకి వెళ్లకూడదు అని కూడా అందులో ఉంది. న్యూజిలాండ్‌లో 2018 చట్టం కింద, తగిన అనుమానం ఉన్నప్పుడు అడిగితే పాస్‌వర్డ్ చెప్పాలి, కాదంటే 5,000 న్యూజిలాండ్ డాలర్ల దాకా జరిమానా. బ్రిటన్‌లో 2000 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం కింద ఎయిర్‌పోర్టులో ఆపినప్పుడు పాస్‌వర్డ్ ఇవ్వకపోవడమే నేరమవుతుంది.

మీ ఆఫీసాయన చెప్పని విషయం ఇంకొకటుంది. సొంత దేశానికి తిరిగొచ్చే పౌరుడు ఫోన్ తెరవనంటే మామూలుగా ఫోన్ అట్టిపెట్టుకుంటారు గానీ మనిషిని బయటే ఆపలేరు. వీసా మీద వెళ్లే మనకు ఆ ధైర్యం ఉండదు, వెనక్కి పంపే అధికారం వాళ్లకుంది. కాబట్టి ఫోన్ తెరిచి ఇస్తారా, ఇవ్వరా అన్నది కౌంటర్ ముందు కాకుండా ఇంట్లోనే ఆలోచించుకోండి. ఏం జరిగినా అబద్ధం మాత్రం చెప్పొద్దు, దాని పర్యవసానం ఫోన్ చూపించడం కంటే చాలా పెద్దది. ఫోన్ తీసుకుని ఉంచుకుంటే రసీదు అడిగి తీసుకోండి.

కౌంటర్ దగ్గరికి వెళ్లేలోపు ఫోన్, ల్యాప్‌టాప్ పూర్తిగా ఆఫ్ చేయండి, మూత మూస్తే సరిపోదు. మళ్లీ ఆన్ చేసిన ఫోన్ మొదటిసారి వేలిముద్రకో ముఖానికో తెరుచుకోదు, పాస్‌కోడ్ కొట్టాల్సిందే. చార్జింగ్ మాత్రం ఉంచుకోండి, ఆన్ చేసి చూపించమని సెక్యూరిటీలో అడగొచ్చు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఉన్నది మీ సొత్తు కాదు. అడిగితే తెరవాలా, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ముందే మీ ఆఫీసు నుంచి మెయిల్‌లో రాయించుకోండి.

కెమెరా గురించి భయం వద్దు. వాడుతున్న సొంత వస్తువుకు సాధారణంగా డ్యూటీ ఉండదు, కాకపోతే అది అక్కడ కొన్నది కాదని చూపించగలగాలి. బిల్లు ఫొటో, సీరియల్ నంబర్ దగ్గరుంచుకోండి; చాలా దేశాల్లో బయల్దేరే ముందే కస్టమ్స్‌లో నమోదు చేయించుకుని సర్టిఫికెట్ తీసుకునే వీలుంది, ఖరీదైన కెమెరా అయితే ఆ పని తప్పకుండా చేయండి. పవర్‌బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో కుదరదు. 100 వాట్ అవర్ల వరకు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ దాకా విమానసంస్థ అనుమతి అక్కర్లేదు.

ప్రశ్న: పర్వతాల్లో ట్రెక్కింగ్‌కి వెళ్తున్నాం. డ్రోన్, శాటిలైట్ ఫోన్ తీసుకెళ్లొచ్చా?

జవాబు: దేశాన్ని బట్టి ఉంటుందండీ. మొరాకోలో పర్మిషన్ లేని డ్రోన్‌ను ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. భారత్‌లోకి ముందస్తు అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ తేకూడదు. తెలియక తెచ్చిన విదేశీ పర్యాటకులు అరెస్టయిన సందర్భాలున్నాయి, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే చిన్న ట్రాకర్లకు కూడా అదే గతి పట్టింది. వెళ్లే దేశపు కస్టమ్స్ వెబ్‌సైట్లో నిషేధాల జాబితా చూసి, అందులో ఉంటే అక్కడికి వెళ్లాక అద్దెకు దొరుకుతుందేమో కనుక్కోండి.