ఒక ఎగ్జామినర్ వద్దన్నంత మాత్రాన థీసిస్ పోయినట్టు కాదు

అమ్మా, మీ పీహెచ్‌డీ థీసిస్ మీద బయటి ఎగ్జామినర్ల రెండు రిపోర్టుల్లో ఒకటి అనుకూలంగా, ఒకటి తిరస్కరిస్తూ వచ్చాయని, నిద్ర పట్టడం లేదని రాశారు. టెన్షన్ పడకండి, దారి ఉంది.

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం థీసిస్‌ను మీ గైడ్‌తో పాటు, ఆ యూనివర్సిటీ ఉద్యోగులు కాని కనీసం ఇద్దరు ఎగ్జామినర్లు చూడాలి. వాళ్లలో ఒకరు వద్దంటే ముందే ఆమోదించిన ఎగ్జామినర్ల జాబితాలోంచి మరొకరికి పంపుతారు. ఆయన సరేనంటే వైవా, అంటే మౌఖిక పరీక్ష, జరుగుతుంది. ఆయనా వద్దంటే మాత్రం తిరస్కరించినట్టే. వైవా ఫలితంతో సహా అంతా, థీసిస్ సమర్పించిన 6 నెలల్లో పూర్తి కావాలి. మీరు థీసిస్ ఇచ్చి ఇది ఐదో నెల అంటున్నారు కాబట్టి, ఎవరికి పంపారని కాదు, పంపారా లేదా అని పరీక్షల విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి.

గైడ్ గారి చేత ఆ కొత్త ఎగ్జామినర్‌కి ఫోన్ చేయించవచ్చా అన్నారు. దయచేసి ఆ పని వద్దు. మన మొహమాటాలేవీ లేని బయటి మనిషి చదివి బాగుందంటేనే ఆ డిగ్రీకి విలువ. విశాఖలో పాఠాలు చెబుతూ నేనూ బయటి యూనివర్సిటీల థీసిస్‌లు చూశాను. శాంపిల్ ఎలా తీశారో చెప్పనిచోట నా పెన్ను ఆగిపోయేది. మీ థీసిస్‌ను తిరస్కరించిన రిపోర్టు అడిగిందీ అదే: ఫిషింగ్ హార్బర్‌లో అంతమంది చేపలమ్మే ఆడవాళ్లుంటే ఈ కొందరినే ఎందుకు ఎంచుకున్నారు? న్యాయమైన ప్రశ్నే. మీ ఫీల్డ్ నోట్సు ముందేసుకుని రెండు పేజీల జవాబు ఇప్పుడే రాసుకోండి. వైవాలో మొదట అడిగేది అదే కావచ్చు.