‘వెరీ వెరీ గుడ్’ అంటే సరిపోని చోట ఏమనాలి?

ఈసారి గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి అడిగాయి: మన సరుకో, మన పనో నిజంగా గొప్పగా ఉన్నప్పుడు ఆ మాట ఇంగ్లిష్‌లో బరువు తగ్గకుండా ఎలా చెప్పాలి? అందుకే ఈ సంచికలో శీర్షికంతా దానికే కేటాయించాం.

ప్రశ్న: మాది ఆత్రేయపురం. పూతరేకుల పెట్టె మీద ‘వెరీ వెరీ డెలిషియస్ అండ్ వెరీ ఎక్సలెంట్ స్వీట్’ అని అచ్చు వేయిద్దామనుకుంటున్నాం. డిజైన్ చేసే కుర్రాడు అది తప్పంటున్నాడు. నిజమేనా?

జవాబు: నిజమే. గుడ్, నైస్, టేస్టీ లాంటి మాటలకు ఎక్కువ తక్కువలుంటాయి. కొంచెం టేస్టీ అనొచ్చు, బాగా టేస్టీ అనొచ్చు. వాటి ముందు వెరీ చక్కగా కుదురుతుంది. ఎక్సలెంట్, సుపర్బ్, ఫెంటాస్టిక్, పర్ఫెక్ట్ అనేవి అలా కాదు. ‘చాలా’ అన్న అర్థం వాటిలోనే ఉంది. పైన మళ్లీ వెరీ తగిలిస్తే ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ల చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. వాటిని నొక్కి చెప్పాలంటే ఆబ్సల్యూట్లీ, ట్రూలీ, సింప్లీ వాడాలి: ‘ఆబ్సల్యూట్లీ డెలిషియస్’, ‘సింప్లీ సుపర్బ్’. రియల్లీ అన్నది రెండు రకాలకీ పనికొస్తుంది. ఏది వాడాలో తేలనప్పుడు దాన్నే పట్టుకోండి.

కానీ మీ పెట్టెకు అసలు లోటు వెరీతో వచ్చింది కాదు. డెలిషియస్ అనే మాట జిలేబీకీ చెల్లుతుంది, చేపల పులుసుకీ చెల్లుతుంది. ఢిల్లీలో ఆ పెట్టె తెరిచే మనిషికి పూతరేకంటే ఏమిటో తెలియదు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను దాని మీద పరిచి లాగేస్తే వచ్చే పొర అది. చూడ్డానికి కాగితంలా ఉండి, నోట్లో వేసుకోగానే నెయ్యితో, బెల్లంతో కలిసి కరిగిపోతుంది. దాని గొప్పంతా పల్చదనంలోనూ కరగడంలోనూ ఉంది కాబట్టి మెచ్చుకోలు కూడా అక్కడే పడాలి. ‘పేపర్ థిన్’, ‘డెలికేట్’, ‘మెల్ట్ ఇన్ ద మౌత్’ అనే మూడూ మీకోసమే పుట్టినట్టున్నాయి.

వ్యాకరణం దగ్గర ఒక్క జాగ్రత్త. నామవాచకం ముందు పెడితే ‘ఎ మెల్ట్ ఇన్ ద మౌత్ స్వీట్’, మధ్యలో హైఫన్లతో, ఎస్ లేకుండా. క్రియగా వాడితే ‘ఇట్ మెల్ట్స్ ఇన్ ద మౌత్’, ఎస్‌తో, హైఫన్లు లేకుండా. లేబుల్ మీద ఇలా వేయించండి: ‘పేపర్ థిన్ రైస్ షీట్స్ లేయర్డ్ విత్ ఘీ అండ్ జాగరీ. మెల్ట్స్ ఇన్ ద మౌత్.’ ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు, అయినా చదివినవాడికి తినాలనిపిస్తుంది.

‘ప్యూర్’ అనే మాట తోచినట్టు వేయకండి. ఆహార ప్రకటనలపై 2018లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, పలు పదార్థాలు కలిసిన తినుబండారాన్ని ప్యూర్ అనకూడదు. ‘యమ్మీ’ చిన్నపిల్లల మాట. ‘మౌత్ వాటరింగ్’ అన్నది తినకముందు, చూసినప్పుడో వాసన వచ్చినప్పుడో నోరూరడం గురించి. ‘టు డై ఫర్’ స్నేహితుల మధ్య నోటిమాటగా బాగుంటుంది కానీ, దేవుడికి నైవేద్యం పెట్టే మిఠాయి పెట్టె మీద చావు మాట ఎందుకు? ఇక ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వాడుకునే అధీకృత వినియోగదారుగా మీ పేరు నమోదై ఉంటే ఆ సంగతి అచ్చు వేయించండి. పది ఎక్సలెంట్‌లకన్నా దానికి విలువెక్కువ.

ప్రశ్న: నరసాపురంలో లేసు అల్లించి బయటి దేశాలకు పంపుతాం. కేటలాగ్‌లో ప్రతి వస్తువు కిందా ‘బ్యూటిఫుల్’ అనే రాస్తున్నాం. ‘ఫ్లాలెస్’, ‘సెకండ్ టు నన్’ అని పెంచవచ్చా? సెకండ్ అంటే రెండో రకం అనుకోరు కదా?

జవాబు: ముందు రెండోదానికి. ‘సెకండ్ టు నన్’ అంటే ఎవరికీ తీసిపోనిది అని. ఇంగ్లిష్ వాళ్లెవరూ దాన్ని రెండో రకం అనుకోరు. మనవాళ్లు చేసే తప్పల్లా ‘సెకండ్ టు నన్ అదర్’ అని తోక తగిలించడం. అయితే ఈ మాట పనితనానికో, సేవకో వాడండి, ‘అవర్ క్రాఫ్ట్స్‌మన్‌షిప్ ఈజ్ సెకండ్ టు నన్’ అన్నట్టు. ఒక్కో టేబుల్ మ్యాట్ కిందా రాసేది కాదు.

‘ఫ్లాలెస్’ మాత్రం వద్దు. అది పొగడ్త మాత్రమే కాదు, లోపమే లేదని ఇచ్చే మాట కూడా. చేత్తో అల్లినదానిలో ఒక పువ్వుకూ ఇంకో పువ్వుకూ వెంట్రుకవాసి తేడా ఉంటుంది, ఉండాలి కూడా. ఆ తేడా పట్టుకుని కొన్నవాళ్లు సరుకు తిప్పి పంపితే మీ కేటలాగే వాళ్లకు సాక్ష్యమవుతుంది.

లేసుకు సరైన మాట ‘ఎక్స్‌క్విజిట్’. సన్నని పని, ఓర్పుతో చేసిన అందం అనే భావం అందులో ఉంది. అందుకే నగకు, లేసుకు, సన్నని చెక్కడానికి అది సరిపోతుంది, కొబ్బరిపీచు చాపకు సరిపోదు. ‘ఇంట్రికేట్’ అంటే అల్లిక చిక్కగా, మెలికలతో ఉందని. ‘ఫైన్’ దగ్గర చూసుకోవాలి. ‘ఫైన్ లేస్’ అంటే సన్నని, మేలైన లేసు. అదే ‘ద లేస్ ఈజ్ ఫైన్’ అంటే చాలాసార్లు ‘పరవాలేదు’ అన్నంతే. మాట ఒక్కటే అయినా నామవాచకానికి ముందుంటే మెచ్చుకోలు, వాక్యం చివరికి పోతే సరిపెట్టుకోలు. ‘ఎక్స్‌క్విజిట్ హ్యాండ్ క్రోషేడ్ కాటన్ లేస్ విత్ ఎ స్కాలప్డ్ ఎడ్జ్’ అంటే నూలుదారం, చేతి అల్లిక, గవ్వ అంచులా వంపులు తిరిగిన కొస అన్నీ కళ్లకు కడతాయి. క్రోషే చివర టీ రాస్తారు కానీ పలకరు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోండి. ఎక్స్‌క్విజిట్ కూడా కేటలాగంతటిలో రెండు మూడు చోట్లే, మీ మేలైన సరుకు కిందే వేయండి. అన్నిటికీ వేస్తే అది కూడా బ్యూటిఫుల్‌లా అరిగిపోతుంది.

ప్రశ్న: కడియం నర్సరీ. మా గులాబీలు ‘బెస్ట్ థింగ్ సిన్స్ స్లైస్డ్ బ్రెడ్’ అని బోర్డు పెట్టొచ్చా?

జవాబు: వద్దు. కోసిన రొట్టెను పొట్లం కట్టి అమ్మడం అమెరికాలో 1928లో మొదలైంది. ఆ తర్వాత ఇంత మంచి కొత్త వస్తువు రాలేదని చెప్పడానికి పుట్టిన మాట ఇది. కొత్తగా కనిపెట్టిన వాటికే నప్పుతుంది. పైగా కొందరు దీన్ని కాస్త వెక్కిరింపుగా వాడతారు. గులాబీకి ‘ప్రైజ్ వర్దీ’ అనండి.

ప్రశ్న: దిండిలో మాకు హోమ్‌స్టే ఉంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పెద్దాయన అతిథుల పుస్తకంలో ‘రూమ్స్ క్వైట్ గుడ్, ఫుడ్ నాట్ బ్యాడ్ ఎటాల్, ద బోట్ రైడ్ వాజ్ ద బీస్ నీస్’ అని రాశారు. తేనెటీగ మోకాళ్లేమిటి? ఆయనకు నచ్చిందా లేదా?

జవాబు: మూడూ మూడు రకాలు. ‘బీస్ నీస్’ గట్టి మెచ్చుకోలు. 1920ల్లో అమెరికాలో ప్రచారంలోకి వచ్చిన సరదా మాట, ‘అదిరింది’ అన్నట్టు. ఇప్పుడు కాస్త పాతబడింది. పడవ ఆయనకు బాగా నచ్చింది. ‘నాట్ బ్యాడ్ ఎటాల్’ కూడా బ్రిటిష్ వాళ్ల నోట మంచి మార్కే. వాళ్లు గట్టిగా పొగడ్డానికి మొహమాటపడతారు. మీరు చూసుకోవాల్సింది గదుల సంగతి. బ్రిటిష్ వాడుకలో ‘క్వైట్ గుడ్’ చాలాసార్లు ‘ఫరవాలేదు, ఇంకా బాగుండొచ్చు’. అదే అమెరికన్ రాస్తే దాదాపు ‘వెరీ గుడ్’. క్వైట్ తర్వాత బ్రిలియంట్, పర్ఫెక్ట్ లాంటి మాటలొస్తే మాత్రం ‘పూర్తిగా’ అని అర్థం, ఎవరు రాసినా సరే. కాబట్టి సంతకం పక్కన ఊరి పేరు చూసి చదవండి.

కుర్రకారు ‘సిక్’ అనో ‘వికెడ్’ అనో రాస్తే కంగారు పడకండి, అవీ మెచ్చుకోళ్లే. మీ వెబ్‌సైట్‌లో మాత్రం అలాంటివి వద్దు. అక్కడ దేనికి తగ్గ మాట దానికి వాడండి: గోదావరి మీద పొద్దు వాలే, ఊపిరి బిగపట్టించే దృశ్యానికి ‘బ్రెత్‌టేకింగ్’, మరకా దుమ్మూ లేని గదికి ‘ఇమాక్యులేట్’, వంక పెట్టలేని మర్యాదకు ‘ఇంపెకబుల్’. ఇవి తారుమారు చేయకండి; ‘బ్రెత్‌టేకింగ్ బాత్‌రూమ్’ అంటే వాసన గురించి అనుకునే ప్రమాదముంది.

ప్రశ్న: భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. రెజ్యూమేలో ‘అవుట్‌స్టాండింగ్ స్టూడెంట్’ అని రాయొచ్చా? సొసైటీ కాగితాల్లో ‘అవుట్‌స్టాండింగ్ లోన్’ అంటే బాకీ కదా!

జవాబు: రెండూ సరైనవే. అప్పు, బిల్లు, పని లాంటివాటితో వస్తే ఇంకా తీరనిది. మనిషితోనో, ఫలితంతోనో వస్తే అందరిలో ఎత్తుగా కనిపించేది. కానీ మీ గురించి మీరే అలా రాసుకోకండి. ఆ మాట మీ లెక్చరర్ సిఫారసు ఉత్తరంలో ఉండాలి. ఆయనైనా ‘వన్ ఆఫ్ ద బెస్ట్ స్టూడెంట్స్’ అని బహువచనంలో రాయాలి; ‘వన్ ఆఫ్ ద బెస్ట్ స్టూడెంట్’ అన్న తప్పు ఇలాంటి ఉత్తరాల్లో తరచూ కనిపిస్తుంది. మీ రెజ్యూమేలో మార్కులు, ప్రాజెక్టు పేరు, అందులో మీరు చేసిన భాగం రాయండి.

ప్రశ్న: తాళ్లరేవు. మా తాతగారు ఏది బాగున్నా ‘ఏ వన్’ అంటారు. అది ఇంగ్లిషేనా?

జవాబు: అచ్చమైన ఇంగ్లిషే, పుట్టింది ఓడల లెక్కల్లో. లండన్‌లోని లాయిడ్స్ రిజిస్టర్ 18వ శతాబ్దంలో ఓడలకు తరగతులు కట్టేది. ఓడ చట్రం మొదటి రకమైతే ఏ, లంగర్లు, తాళ్లు వగైరా సరంజామా మొదటి రకమైతే ఒకటి. రెండూ కుదిరితే ఏ వన్. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి పక్కనే ఉన్న మీ ఊళ్లో ఆ మాట నిలవడం చక్కగా ఉంది. ఇప్పటికీ యంత్రాలకూ బళ్లకూ బాగా నప్పుతుంది: పాత పడవ ఇంజన్ అమ్మేటప్పుడు ‘ఇన్ ఏ వన్ కండిషన్’ అని రాయండి. వంటకో, పాటకో, మనిషికో రాతలో వాడాల్సి వస్తే ‘ఫస్ట్ రేట్’ అంటే సరిపోతుంది.