వండర్లాలో ఫొటోలు మసక, మొహాలు నలుపు: ఇలా చేసి చూడండి

బెంగళూరు వండర్లా పార్కులో ఇంటిల్లిపాదీ తీసుకున్న ఫొటోల్లో నీళ్ల దగ్గరవి మసకగా, గ్రూప్ ఫొటోల్లో మొహాలు నల్లగా వచ్చాయన్నారు కదండీ.

మసకకి అసలు కారణం చాలాసార్లు వాటర్‌ప్రూఫ్ పౌచ్ లోపలి తేమే. తడిచేత్తో మూసిన పౌచ్ ఎండకి వేడెక్కి, నీళ్లు తగలగానే చల్లబడితే ఆ ఆవిరి లెన్స్ ముందు పొరలా పేరుకుంటుంది. ఇంట్లోనే పొడి చేతులతో ఫోన్ పెట్టి, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లెన్స్‌కి అడ్డం రాకుండా వేసి మూసేయండి. అంతకుముందు రోజు ఫోన్ బదులు టిష్యూ పెట్టి, బకెట్లో అరగంట ముంచి చూడండి. టిష్యూ తడిసిందా, ఆ పౌచ్ పారేయండి. లెన్స్ ఎదురుగా ఒక్క నీటిబొట్టున్నా బొమ్మ చెదిరిపోతుంది, తీసే ప్రతిసారీ తుడవాలి. తడి స్క్రీన్ వేలికి సరిగా పలకదు కాబట్టి వాల్యూమ్ బటన్‌తో క్లిక్ చేయండి.

మొహాల నలుపు నడినెత్తి ఎండ వల్ల. గ్రూప్ ఫొటో లోపలికి వెళ్లగానే, అందరూ పొడిగా ఉన్నప్పుడే కానిచ్చేయండి. తర్వాతైతే చెట్టు నీడే మేలు. వెనక వెలుతురుంటే స్క్రీన్ మీద మొహాన్ని తాకి, సూర్యుడి గుర్తుని కాస్త పైకి జరపండి. ఎక్కువ వెడల్పు పట్టే 0.5 లెన్స్ మాత్రం వద్దు, చివర్న నిలబడ్డ అత్తయ్య, బాబాయి అడ్డంగా సాగిపోతారు. 1ఎక్స్ పెట్టి నాలుగడుగులు వెనక్కి జరగండి.

రైడ్ల ఫొటోలు కింద నిలబడే తీయండి: ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునేది) షట్టర్ వేగం 1/1000 సెకను పెట్టండి, లేదా మామూలు మోడ్‌లో బర్స్ట్ (వరసగా బోలెడు ఫొటోలు తీసేది) వాడండి.