డిష్‌వాషర్ వాసన కొడుతోందంటే

చిరంజీవి చిన్నాకి,

పెదనాన్న ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

డిష్‌వాషర్ తలుపు తీస్తే చాలు గుప్పున వాసన కొడుతోందనీ, అది అమ్మేసి కొత్తది కొందామనుకుంటున్నారనీ అమ్మాయి ఫోనులో చెప్పింది. తొందరపడకండి. నీళ్ళు వేడెక్కుతున్నాయి, గిన్నెలు శుభ్రంగానే వస్తున్నాయి అంటున్నారు కదా, అలాంటప్పుడు మిషను మార్చాల్సిన పని లేదు. మా ఇంట్లో వంట మీ పెద్దమ్మది, అంట్లు నావి అని పంపకాలు జరిగిన దగ్గర్నుంచీ దాని మంచీచెడ్డా చూసేది నేనే. ఫోనులో చెప్తే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను.

ముందు అది ఏ వాసనో తేల్చుకో. పాచిపోయిన పప్పు, జిడ్డు కలిసిన కంపు అయితే ఫిల్టరు సంగతి. కోడిగుడ్డు నీచు అయితే మీరు గిన్నెలు పెట్టే పద్ధతి సంగతి. మురుగు కాలవ వాసనైతే అది మిషను లోపలిది కాదు, వెనక పైపుది. ప్లాస్టిక్కు కాలిన వాసనైతే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా స్విచ్చి కట్టెయ్. హీటరు బయటికి కనిపించే మోడలైతే ఏ మూతో జారి దానిమీద పడి ఉంటుంది. అదీ కాకపోతే మెకానిక్కు వచ్చేదాకా దాని జోలికి వెళ్ళకు.

చాలా ఇళ్ళల్లో అసలు దొంగ ఫిల్టరే. కింది బుట్ట బయటికి లాగితే అడుగున గ్లాసులా ఒకటి కనిపిస్తుంది. తిప్పితే ఊడి వస్తుంది. దాని కింద పల్చటి స్టీలు జల్లెడ ఉంటుంది, అదీ తీయి. మన వంటకి అందులో ఏం చేరుతుందో నీకే తెలుస్తుంది. కరివేపాకు ఈనెలు, చింతపండు పీచు, టమాటా తొక్కలు, మెతుకులు, వీటన్నిటినీ అంటించి పట్టుకుని గోధుమరంగు బంక. ఆ బంక నెయ్యీ నూనే చల్లారి పేరుకున్నది. వాసనంతా దాన్లోనే. తేమ, వెచ్చదనం, తిండి మూడూ ఒకేచోట దొరికితే బ్యాక్టీరియా ఊరుకుంటుందా? బాగా వేడినీళ్ళలో అంట్ల సబ్బు వేసి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోము. తీగ పీచు వాడకు, జల్లెడ చిరుగుతుంది. చిరిగితే చెత్త నేరుగా పంపులోకి పోతుంది.

ఫిల్టరు తీసిన గుంటలో కాసిని నీళ్ళు ఉండటం మామూలే, కంగారు పడకు. గుంట నిండి పైకి నిలిస్తే మాత్రం కింద అడ్డం పడింది. ప్లగ్గు పీకేసి, గుడ్డతో నీళ్ళు తోడేసి, టార్చి వేసి చూడు. చూడకుండా చెయ్యి పెట్టకు, పగిలిన గాజు పెంకులు అక్కడే దాక్కుంటాయి. చింతగింజలూ నిమ్మగింజలూ కూడా పంపు రెక్కకి అడ్డం పడేవే.

ఫిల్టరు మళ్ళీ బిగించేటప్పుడు కదలకుండా కూర్చుందో లేదో చూడు. అది వదులుగా ఉంటే పోపులో ఆవాలు పైకి ఎక్కి, నీళ్ళు చిమ్మే రెక్కల్లో దూరతాయి. రెక్క ఊడదీసి చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది చూడు, అవి ఆవాలే. ఒక్కో చిల్లులో ఒక్కో ఆవగింజ కొలత తీసినట్టు ఇరుక్కుంటుంది. పుల్లతో పొడిచి, కుళాయి కింద పట్టి కడుగు. ఆ చిల్లులు మూసుకుంటే ఆ వైపు గిన్నెలకి నీళ్ళు తగలవు, అంటు అలాగే ఉండి వాసనేస్తుంది.

ఎవరూ చూడని చోటు ఇంకోటుంది. తలుపు కింది అంచు. చిమ్మే నీళ్ళు అక్కడిదాకా రావు. తలుపు పూర్తిగా వాల్చి, వంగి ఆ అంచు కింద వేలు పెట్టి చూడు, నల్లగా జారుడుగా తగులుతుంది. చుట్టూ ఉన్న రబ్బరు మడతల్లో కూడా అదే. వంట సోడా కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి మడత విప్పి తుడువు.

ఇదంతా అయ్యాకే లోపలి కడుగుడు. ఫిల్టరు తోమకుండా వెనిగర్ పోసి తిప్పడం ఒళ్ళు కడగకుండా సెంటు కొట్టుకున్నట్టు. ఖాళీ మిషనులో పై బుట్టలో ఒక గిన్నెడు తెల్ల వెనిగర్ నిలబెట్టి, ఉన్నవాటిలో బాగా వేడి ప్రోగ్రాం పెట్టు. వెనిగర్ లేకపోతే కిరాణాకొట్లో నిమ్మ ఉప్పు అడుగు, రెండు మూడు చెంచాలు అడుగున చల్లితే చాలు. అది అయ్యాక గుప్పెడు వంట సోడా చల్లి రాత్రంతా వదిలేసి, పొద్దున చిన్న ప్రోగ్రాం తిప్పెయ్. రెండూ ఒకేసారి కలపకు. బుసబుసమని పొంగడం చూడ్డానికి బాగుంటుంది కానీ ఒకదాని బలం ఒకటి చంపేసుకుని చివరికి ఏ పనికీ రావు. వెనిగర్ వారంవారం కూడా వద్దు, పులుపు రబ్బరుని తినేస్తుంది. బ్లీచింగ్ అసలే వద్దు. స్టీలుకి మచ్చలు పడతాయి. పైగా పులుపుతో కలిస్తే విషవాయువు పుడుతుంది. అంట్లు తోమే లిక్విడ్ లోపల పోయకు, నురగ వంటింటి నేల మీదికి వస్తుంది.

మురుగు వాసన సంగతి. మీరు ఇల్లు మారినప్పుడు ప్లంబరు ఆ పైపుని ఎలా పెట్టాడో వెనక్కి వంగి చూశావా? నీళ్ళు బయటికి పోయే పైపు నేలమీద పడి ఉండకూడదు. మిషను వెనక పైకి ఎత్తి వంపు తిప్పి, అప్పుడు సింకు కింద గొట్టంలోకి దించాలి. లేకపోతే సింకులో మురికినీళ్ళు వెనక్కి మిషనులోకి జారతాయి. యుటిలిటీలో నేలమీది జాలీ కింద కాసిని నీళ్ళు నిలిచి మురుగు గాలిని ఆపే నాని ట్రాప్‌లోకి ఊరికే దోపేసి వెళ్ళిపోయి ఉంటే పైపు చుట్టూ ఉన్న సందులోంచి మురుగు గాలి వస్తుంది, అక్కడ రబ్బరు బుష్ వేయించు. మీరు ఊరెళ్ళి వచ్చాక ఆ ట్రాప్‌లో నీళ్ళు ఎండిపోయినా అదే వాసన. ఓ చెంబెడు నీళ్ళు పోస్తే పోతుంది.

ఇద్దరే ఉన్నారు కాబట్టి మిషను నిండడానికి రెండ్రోజులు పడుతుందని అమ్మాయి అంది. తప్పు లేదు, కానీ ఎంగిలి కంచాలు అలా మూసి ఉంచితే వేసవిలో ఒక్క రాత్రికే పాచి వాసనేస్తాయి. మెతుకులు చెత్తబుట్టలోకి దులిపెయ్యండి, రాత్రి ప్రీ రిన్స్, అదే సబ్బు లేకుండా ఊరికే నీళ్ళతో కడిగే చిన్న ప్రోగ్రాం, ఒక్కసారి తిప్పండి, తలుపు కాస్త తెరిచి ఉంచండి. కుళాయి కింద పూర్తిగా కడిగి పెట్టాల్సిన పని లేదు, అలాగైతే మిషను దేనికి? ఆమ్లెట్ పెనం, చేపల పులుసు గిన్నె మాత్రం ముందు చల్లనీళ్ళతో ఒకసారి తొలిచి పెట్టండి. వేడినీళ్ళు తగిలితే గుడ్డు గిన్నెకి అతుక్కుపోతుంది. కరెంటు మిగులుతుందని రోజూ ఎకో మీదే తిప్పకు, అది ఇంచుమించు 50 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. నెయ్యి, జిడ్డు మూకుళ్ళు ఉన్న రోజున 65, 70 డిగ్రీల ప్రోగ్రాం పెట్టు. ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్కు డబ్బాలు చేత్తో తోముకోండి.

మీది బోరు నీళ్ళు కాబట్టి మిషను అడుగున నీళ్ళ గరుకుతనం తగ్గించడానికి ఉప్పు పోసే గది ఎప్పుడూ ఖాళీగా ఉంచకు. ఉప్పు లేకపోతే గోడలకి తెల్లటి గార కట్టి, ఆ గారలో జిడ్డు చిక్కుకుంటుంది. డిష్‌వాషర్ ఉప్పే వెయ్యి, కూరల్లో ఉప్పు వద్దు. పోసేటప్పుడు గింజలు బయట పడితే వెంటనే ఒక ప్రోగ్రాం తిప్పు, లేకపోతే స్టీలుకి తుప్పు మచ్చలొస్తాయి.

నిమ్మకాయ వాసనొచ్చే బిళ్ళలు కొని వేలాడదీయాలని చూస్తోందట అమ్మాయి. ప్రస్తుతానికి ఆపమను, అవి ఉంటే అసలు వాసన పోయిందో లేదో తెలియదు. ఆదివారం తీరిగ్గా ఫిల్టరు తీయి. అన్నీ చేశాక కూడా వాసన ఉంటే మెకానిక్కుని పిలిచి పంపు, పైపు రెండూ విప్పి నీ ఎదురుగా చూపించమను. విప్పకుండానే మిషనుని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు మార్చాలంటే ఒప్పుకోకు, వాసనకీ బోర్డుకీ సంబంధం లేదు.

మీ పెద్దమ్మ కందిపొడి పంపుతోంది. డబ్బా గాజుది, కింది బుట్టలో పెట్టకండి.

ఇట్లు,
పెదనాన్న